సిలికోన్ పాఠంలో లేని ఉష్ణోగ్రతలు

జనవరి నెలలో తెల్లవారుజామున మీ ఇంట్లో కొబ్బరినూనె సీసాను ఒకసారి చూడండి. తెల్లగా గడ్డకట్టి ఉంటుంది. దాని పక్కనే అక్కయ్యో వదినో జుట్టుకు రాసుకునే సీరం సీసా ఉంటే దాన్ని కూడా వంచి చూడండి. అది రాత్రి ఎలా ఉందో పొద్దున్నా అలాగే జారుతుంటుంది. సీసా వెనుక సన్నటి అక్షరాల్లో డైమెథికోన్, సైక్లోపెంటాసిలోక్సేన్ అనే పేర్లు చాలా సీరంలకు కనబడతాయి. రెండూ సిలికోన్ కుటుంబానివే. కొబ్బరినూనె గడ్డకట్టడానికి సుమారు 24 డిగ్రీల చల్లదనం చాలు. సైక్లోపెంటాసిలోక్సేన్ గడ్డకట్టాలంటే మైనస్ 38 దాకా పోవాలి. (ఈ వ్యాసంలో డిగ్రీలన్నీ సెంటీగ్రేడువే.)

ఎందుకింత తేడా? మీరు ఇంటర్మీడియట్ చదివినవారైతే సిలికోన్‌ల గురించి ఒక పాఠ్యభాగం చదివే ఉంటారు. అందులో ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. జవాబు లేకపోవడం పెద్ద తప్పేమీ కాదు. ప్రతి ప్రశ్నకూ జవాబు చెప్పే పాఠ్యపుస్తకం ఎక్కడా లేదు. కాని ఆ పాఠం ఇలాంటి ప్రశ్న మీకు తట్టకుండా చేస్తుంది. నా ఫిర్యాదు అదీ. ఈ వ్యాసం ఆ పాఠం మీద విమర్శ.

ఉష్ణోగ్రతలు మాటిమాటికీ వస్తాయి కనుక ఒక ఊరిని కొలబద్దగా పెట్టుకుందాం. ఛత్తీస్‌గఢ్‌లో రాయపూర్‌కు దక్షిణంగా ఉన్న అభన్‌పూర్. అక్కడ మే నెల మధ్యాహ్నం నీడలోనే 44, 45 డిగ్రీలు ఉంటుంది. జనవరి వేకువన 10 దరిదాపులకు దిగుతుంది. రాయపూర్, భిలాయి ప్రాంతాల్లో రైల్వేనూ ఉక్కునూ నమ్ముకుని స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ ఎండా ఈ చలీ కొత్త కాదు. ఆ ఊరిని ఎంచుకోవడానికి ఇంకో కారణమూ ఉంది. దశాబ్దాల తరబడి రెండున్నర అడుగుల నారోగేజ్ బండి నడిచిన అభన్‌పూర్‌కు 2025 మార్చిలో బ్రాడ్‌గేజ్ మీద కరెంటుతో నడిచే మెమూ బండి వచ్చింది. కరెంటు బండి వస్తే దాని వెంట ఇన్సులేటర్లూ వస్తాయి. వాటి సంగతి తరువాత.

ముందు పాఠంలోని మంచి చెప్పాలి. 2006లో వచ్చిన ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి రసాయనశాస్త్రంలోను, తెలుగు అకాడమీ ఇంటర్ పుస్తకంలో 14వ గ్రూపు మూలకాల పాఠంలోను సిలికోన్‌ల తయారీ స్పష్టంగానే ఉంటుంది. సిలికాన్ పొడి మీద రాగి ఉత్ప్రేరకం సమక్షంలో మిథైల్ క్లోరైడ్‌ను పంపడం, వచ్చిన డైక్లోరోసిలేన్‌ను నీటితో జలవిశ్లేషణ చేయడం, అణువులు నీటిని వదిలేసి గొలుసుగా అల్లుకోవడం, మూడు మిథైళ్లున్న అణువును చేరిస్తే గొలుసు చివర మూతపడటం: అన్నీ వరసగా ఉంటాయి. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో యూజీన్ రోచో 1940లో కనిపెట్టిన పద్ధతే ఇది. ఇప్పటికీ పరిశ్రమ దీన్నే వాడుతోంది. గొలుసు చివరను మూసే అణువు గురించి చెప్పడం ద్వారా పొడవును మనం అదుపు చేయవచ్చన్న ఊహ విద్యార్థికి కలుగుతుంది. చక్కటి పాఠమే.

చిక్కంతా దాని తరువాతి పేరాలో ఉంది. సిలికోన్‌లు నీటిని తడవనివ్వవు, వేడిని తట్టుకుంటాయి, విద్యుత్తును పోనివ్వవు, రసాయనాలకు లొంగవు. సీళ్లుగా, గ్రీజులుగా, ఇన్సులేటర్లుగా, బట్టలకు పూతగా వాడతారు. ఇదీ దాని సారాంశం. నీటిని తడవనివ్వకపోవడానికి మాత్రం ఒక కారణం ఇస్తారు: చుట్టూ ధ్రువత్వం లేని ఆల్కైల్ సమూహాలు ఉండటం. మిగతావన్నీ కారణం లేని గుణాలు. పెళ్లిసంబంధాల ప్రకటనలో వరుడి గుణగణాల్లాగా అన్నీ మంచివే. ఒక్క ఉష్ణోగ్రత లేదు, ఒక్క హద్దు లేదు. ఎంత చలిలో ఏమవుతుంది, ఎంత లాగితే తెగుతుంది, ఘనమా ద్రవమా అన్న మాటలు లేవు.

పేరు దగ్గరే తెలుగు విద్యార్థికి ఇంకో ఇబ్బంది. మన పత్రికలు, ఒక్కోసారి పుస్తకాలు కూడా, సిలికాన్‌నీ సిలికోన్‌నీ కలిపేస్తాయి. సిలికాన్ మూలకం. కంప్యూటర్ చిప్ అయ్యేది అది. సిలికోన్ ఆ మూలకం ఆక్సిజన్‌తోనూ కార్బన్ సమూహాలతోనూ కలిసి కట్టిన పొడవాటి గొలుసు. ఒక్క దీర్ఘం తేడా అనుకోకండి. ఒకటి గాజులా పెళుసు, రెండోది కేకు అచ్చులా వంగుతుంది. నిజానికి ఆ పేరే ఒక పొరపాటులోంచి పుట్టింది. ఇంగ్లండులో నాటింగ్‌హామ్‌లో పనిచేసిన ఫ్రెడరిక్ కిప్పింగ్ ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో ఈ పదార్థాలు కీటోన్‌ల లాంటివేమో అనుకుని ‘సిలికోన్’ అన్నాడు. కీటోన్‌లో కార్బన్ ఆక్సిజన్‌తో జంటబంధం కట్టుకుంటుంది. సిలికాన్ అలా ఒంటరిగా జంటకట్టి నిలవదు, గొలుసు అల్లుతుంది. కిప్పింగ్‌కు కావలసింది శుభ్రంగా స్ఫటికమయ్యే చిన్న అణువులు. గాజుకుప్పె అడుగున మిగిలే బంకలు ఆయనకు చికాకు. 1936లో రాయల్ సొసైటీలో ఇచ్చిన ప్రసంగంలో ఈ రంగానికి పెద్ద భవిష్యత్తు కనబడటం లేదన్న ధోరణిలో ముగించాడు. నాలుగేళ్లకు రోచో పద్ధతి వచ్చింది. కిప్పింగ్ పారబోసిన బంకలాంటి పదార్థాలే ఇవాళ సీరం సీసాలోనూ రైలు తీగల దగ్గరా ఉన్నాయి.

ఇప్పుడు గొలుసు లోపలికి వెళదాం. ఇక్కడే నిలబడి చూడవలసింది ఎక్కువ.

పాలిథీన్ గొలుసులో ప్రతి అణువు కార్బన్. పక్కపక్క కార్బన్‌ల మధ్య దూరం 1.54 ఆంగ్‌స్ట్రామ్‌లు, మధ్య కోణం 112 డిగ్రీల దరిదాపు. ఆ కోణం సులభంగా మారదు. సిలికోన్ గొలుసులో సిలికాన్, ఆక్సిజన్, సిలికాన్, ఆక్సిజన్ అని ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. బంధం పొడవు 1.64. ఆక్సిజన్ దగ్గర కోణం సుమారు 143 డిగ్రీలు. ఆ కోణం ఎక్కువగా ఉండటమే కాదు, కొద్దిపాటి శక్తితో ఇంకా తెరుచుకోగలదు, ముడుచుకోగలదు. పైగా మిథైల్ సమూహాలు సిలికాన్‌లకే ఉంటాయి, ఆక్సిజన్‌లు ఖాళీ. కాబట్టి పక్కవాళ్లు ఒకరికొకరు అడ్డం రాకుండా గొలుసు ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. నూనె వేసిన తలుపు బందు ఊదితే తిరుగుతుందే, అలాంటి బందులు వరసగా కొన్ని వేలు ఉన్నాయనుకోండి. అదే పాలీడైమిథైల్ సిలోక్సేన్. సిలికోన్ అనగానే మనకు ఎక్కువగా దొరికేది ఇదే.

ఏ పాలిమర్‌నైనా చల్లబరుస్తూ పోతే ఒకచోట గొలుసుల కదలిక ఆగిపోయి అది గాజులా బిగుసుకుంటుంది. దాన్ని గాజు పరివర్తన ఉష్ణోగ్రత అంటారు. కేరళ తోటల సహజ రబ్బరుకు అది మైనస్ 70 దగ్గర. సిలికోన్‌కు మైనస్ 125 దగ్గర. మామూలుగా వాడే పాలిమర్లలో ఇంత తక్కువ ఉన్నవి బహు అరుదు. అంటే అభన్‌పూర్ జనవరి చలిలో కూడా ఈ గొలుసులు తమ గాజు స్థితికి 130 డిగ్రీలకు పైగా ఎత్తున ఉన్నాయి. వాటికి అది చలే కాదు. పాఠంలోని గుణాల జాబితా అంతటికీ తాళంచెవి లాంటి ఈ ఒక్క అంకెను ఎందుకు వదిలేశారో నాకు అర్థం కాదు.

ఇంతవరకు చదివి ‘మైనస్ 125 దాకా సిలికోన్ మెత్తగా ఉంటుందన్నమాట’ అని మీరు అనుకుని ఉండవచ్చు. అలా అనుకోవడం సహజం. కాని అది సరికాదు. గాజుగా బిగుసుకోవడం ఒకటి, స్ఫటికంగా పేర్చుకోవడం వేరొకటి. గొలుసులో ప్రతి లంకె అచ్చం మరో లంకెలాగే ఉంది కనుక, తగినంత చల్లదనమూ సమయమూ ఇస్తే గొలుసులు పక్కపక్కన ఒద్దికగా సర్దుకుంటాయి. మామూలు సిలికోన్ స్ఫటికాలు కరిగే ఉష్ణోగ్రత మైనస్ 40 దరిదాపు. దానికి బాగా దిగువన గొలుసులు స్ఫటికాలుగా కట్టుకోవడం మొదలవుతుంది. స్ఫటికాలు పెరిగితే రబ్బరు బిరుసెక్కుతుంది. అంటే మైనస్ 125కీ మైనస్ 40కీ మధ్య ఒక పెద్ద ప్రమాద మండలం ఉంది. గుణాల జాబితాను కంఠస్థం చేసిన విద్యార్థికి ఆ మండలం ఉన్నట్టే తెలియదు.

దీన్ని ప్రయోగశాలలో చూపే పరికరం డిఫరెన్షియల్ స్కానింగ్ కెలోరీమీటర్. నమూనాను నెమ్మదిగా వేడి చేస్తూ అది ఎక్కడ ఎంత వేడిని పీల్చుకుందో, ఎక్కడ వదిలిందో గీత గీస్తుంది. సిలికోన్‌ను చప్పున చల్లార్చి తిరిగి వేడి చేస్తే ఆ గీత ఒక చిన్న కథ చెబుతుంది. మైనస్ 125 దగ్గర చిన్న మెట్టు: గాజు విడిపోయింది. మైనస్ 90, 100 మధ్య ఎక్కడో వేడి బయటికి వస్తుంది: చల్లార్చినప్పుడు పేర్చుకోవడానికి వ్యవధి దొరకని గొలుసులు ఇప్పుడు కదలిక రాగానే పేర్చుకుంటున్నాయి. వేడి చేస్తుంటే గడ్డకట్టడమా అని ఆశ్చర్యపోకండి, సరిగ్గా అదే జరుగుతుంది. ఆపైన మైనస్ 45 నుంచి మైనస్ 35 దాకా కరగడం. అది చాలాసార్లు ఒక్క గుట్టగా కాక రెండు గుట్టలుగా కనబడుతుంది. రెండు గుట్టలుంటే రెండు రకాల స్ఫటికాలు ఉన్నాయని తొందరపడవచ్చు. అక్కర్లేదు. సరిగా కట్టని స్ఫటికాలు ముందు కరిగి, అప్పటికప్పుడు మెరుగ్గా మళ్లీ కట్టుకుని, ఇంకోసారి కరిగినా అలాగే కనబడుతుంది. గీతను చూడటం తేలికే, చదవడం నేర్చుకోవాలి.

మరి ఆ స్ఫటికంలో గొలుసు ఏ ఆకారంలో ఉంటుంది? ఇంత పాత, ఇంత వాడుకలో ఉన్న పదార్థానికి ఈ జవాబు చిటికెలో వచ్చి ఉంటుందనుకుంటాం. కథ అలా నడవలేదు. సహజ రబ్బరును లాగి పట్టుకుని ఎక్స్‌కిరణాలు పంపితే స్ఫటికాల చుక్కలు కనబడతాయని 1925లోనే కాట్జ్ అనే శాస్త్రవేత్త చూపించాడు. గది వేడిలోనే, లాగితే చాలు. సిలికోన్ రబ్బరుకు అలా కుదరదు. లాగడంతో పాటు బాగా చల్లబరచాలి. తూర్పు జర్మనీలో డమాషూన్ 1962లో అలా చేసి, స్ఫటికపు గదికి కొలతలిచ్చి, గొలుసు మెలికకు ఒక నమూనా ప్రతిపాదించాడు. ఆ చిత్రం ఏళ్ల తరబడి పుస్తకాల్లో కొనసాగింది. 1990 దశకంలో ఘనస్థితి ఎన్ఎంఆర్ కొలతలు గొలుసు ఆకారాన్ని మళ్లీ చర్చకు తెచ్చాయి. 2000లో ఫ్రాన్స్‌లో ఆల్బూయి ఎక్స్‌కిరణాలతో తిరిగి పరిశీలించి, నాలుగు లంకెలకు ఒక చుట్టు తిరిగే మెలిక అని వేరే నమూనా ఇచ్చాడు. మైనస్ 40 కింద మాత్రమే బతికే స్ఫటికాన్ని, అదీ సగం గజిబిజిగా ఉన్నదాన్ని, కొలవడం అంత కష్టం. పాఠ్యపుస్తకంలో నల్లగీతలతో తిన్నగా గీసిన సిలికోన్ గొలుసు బొమ్మ ఎంతటి ధీమాతో ఉంటుందో చూడండి. అసలు స్ఫటికంలో అది తిన్నగా లేదన్నంతవరకే అందరూ ఏకీభవిస్తారు.

గుర్తుపెట్టుకోదగిన ఇంకో విడ్డూరం. అణుభారం పెరిగితే కరిగే ఉష్ణోగ్రత పెరుగుతుందని ఆల్కేన్‌ల పాఠంలో నేర్చుకుంటాం. సిలికోన్ తయారీలో ముడిసరుకుగా వాడే ఒక చిన్న వలయం ఉంది, నాలుగు సిలికాన్‌లు నాలుగు ఆక్సిజన్‌లతో. పేరు ఆక్టామిథైల్ సైక్లోటెట్రాసిలోక్సేన్. అది కరిగేది 17.5 డిగ్రీల దగ్గర. అభన్‌పూర్‌లో జనవరి వేకువన సీసాలో గడ్డ, మధ్యాహ్నానికి నీళ్లలాంటి ద్రవం. ఆ వలయాలను తెరిచి వేల లంకెల గొలుసుగా కడితే, అణుభారం ఎన్నో వందల రెట్లు పెరిగినా, కరిగే ఉష్ణోగ్రత మైనస్ 40కి పడిపోతుంది! వలయం గుండ్రంగా, మడతపడే స్వేచ్ఛ తక్కువగా ఉండి చక్కగా పేర్చుకుంటుంది. గొలుసుకు ద్రవంగా ఉంటే దొరికే స్వేచ్ఛ విస్తారం. స్ఫటికంలో చేరితే దాన్నంతా వదులుకోవాలి, బదులుగా వచ్చే ఆకర్షణ బలహీనం. అందుకే అంత చలి వస్తేగాని లొంగదు. ఎంట్రోపీ పాఠంలో ఇంతకంటే మంచి ఉదాహరణ ఏముంది? మన పుస్తకాల్లో ఎంట్రోపీ ఒక అధ్యాయం, సిలికోన్ మరో అధ్యాయం. ఒకదాని ముఖం ఒకటి చూడవు.

ఇక మిథైల్ బదులు ఒక్క కార్బన్ ఎక్కువున్న ఇథైల్ సమూహాలను తగిలిద్దాం. పేరు పాలీడైఇథైల్ సిలోక్సేన్. మార్పు స్వల్పం. ఫలితం చూస్తే ‘పదార్థానికి మూడు స్థితులు’ అని చిన్నప్పటినుంచి వల్లించినది సందేహంలో పడుతుంది. దీని స్ఫటికాలు నిజంగానే రెండు రకాలు. ఒక రకం సుమారు 7 డిగ్రీల దగ్గర, ఇంకో రకం సుమారు 17 దగ్గర సడలిపోతాయి. సడలి ద్రవం అవుతాయా? కావు. గొలుసులు ఇంకా పక్కపక్కన సమాంతరంగానే నిలబడి ఉంటాయి, పక్కల అమరిక క్రమంగానే ఉంటుంది. కాని ఒక్కొక్క గొలుసు తన లోపల తాను మెలితిరుగుతూ గజిబిజిగా ఉంటుంది. కవాతులో వరస చెదరకుండా నిలబడి, ఎవరి చేతులు వారు ఊపుకుంటున్న పిల్లల్లాగ. చూడటానికి మసకబారిన మెత్తటి మైనం. ఇది అసలు ద్రవం కావాలంటే, గొలుసు పొడవును బట్టి, 50 డిగ్రీల దాకా వేడెక్కాలి. గొలుసు మరీ పొట్టిదైతే ఈ నడిమి స్థితే కనబడదు. దీన్ని మధ్యస్థ ప్రావస్థ అంటారు. 1975లో బీటీ, అతని సహచరులు అమెరికాలో దీన్ని ద్రవస్ఫటికం లాంటి క్రమంగా గుర్తించారు. ఆ తరువాత మాస్కోలో గొడోవ్‌స్కీ, పప్కోవ్ చాలా ఏళ్లు తరచి చూశారు.

అభన్‌పూర్‌లో మన మేడ మీద ఈ పదార్థపు సీసా ఒకటి పెట్టామనుకోండి. జనవరి వేకువన అందులో కొంత స్ఫటికం ఉండవచ్చు. ఫిబ్రవరి మధ్యాహ్నం అది మధ్యస్థ ప్రావస్థ. మే నెల ఎండలో కాలిపోతున్న రేకు మీద తేటపడిన ద్రవం. ఒకే ఊరు, ఒకే సీసా. (చల్లారేటప్పుడు మార్పులు కాస్త ఆలస్యంగా జరుగుతాయి, అది వేరే సంగతి.) దీన్ని మీ తరగతిలో ఏ గడిలో రాస్తారు? ఘనమా, ద్రవమా? మామూలుగా ద్రవస్ఫటికాలకు అణువు కడ్డీలా బిరుసుగా ఉండాలి, లేదా 1977లో బెంగళూరులో చంద్రశేఖర్ బృందం చూపినట్టు బిళ్లలా ఉండాలి. ఇక్కడ కడ్డీ లేదు, బిళ్ల లేదు, అన్నిటికన్నా మెత్తని గొలుసు ఉంది. అయినా క్రమం నిలుస్తోంది. ఇథైల్ బదులు సిలికాన్‌కు రెండేసి ఫీనైళ్లు తగిలిస్తే మరీ చిత్రం: స్ఫటికం 265 డిగ్రీల దగ్గర సడలుతుంది, కాని పూర్తి ద్రవం కావడానికి 540 దాకా పోవాలంటారు. వెన్నెముక అదే. మారినవి పక్కన వేలాడేవి మాత్రమే. అయినా మైనస్ 40 నుంచి 500 దాటి పోయాం. సిలికోన్‌లు అన్నీ కలిపి ఒక గుణాల జాబితా రాయడం ఎంత అర్థరహితమో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఇదంతా ప్రయోగశాల ముచ్చట, మనకెందుకు అంటారేమో. రైలు తీగల దగ్గరికి వద్దాం. మన రైల్వేలో పైతీగలో 25 వేల వోల్టులు ఉంటాయి. ఆ తీగను మోసే నిర్మాణానికీ తీగకూ మధ్య పూర్వం పింగాణీ ఇన్సులేటర్లే ఉండేవి. కొంతకాలంగా చాలాచోట్ల సిలికోన్ రబ్బరు తొడిగిన కాంపోజిట్ ఇన్సులేటర్లు వస్తున్నాయి. లోపల గాజుపీచు కడ్డీ, పైన రబ్బరు గొడుగులు వరసగా. ప్లాట్‌ఫారం మీద నిలబడి తల ఎత్తి చూస్తే పోల్చవచ్చు: పింగాణీది నిగనిగలాడుతుంది, రబ్బరుది మందంగా మెరుపు లేకుండా ఉంటుంది. (దూరంనుంచే చూడండి. ఆ తీగ జోలికి ఏ కర్రతోనూ పోకూడదు.)

రాయపూర్ చుట్టూ సిల్తరా, ఉర్లా లాంటి పారిశ్రామిక వాడల్లో స్పాంజ్ ఐరన్ కొలుములు ఎన్నో ఉన్నాయి. దుమ్ము, మసి గాలిలో ఉంటాయి. ఇన్సులేటర్ మీద దుమ్ము పేరుకుని, చలికాలపు మంచు దాన్ని తడిపితే, తడి దుమ్ము గుండా కరెంటు పాకుతుంది. ఒక్కోసారి మెరుపులా దూకుతుంది. సిలికోన్ మీద నీరు పరుచుకోకుండా పూసల్లా నిలుస్తుంది కనుక పరవాలేదు అంటుంది పాఠం, మిథైళ్ల కారణం చెప్పి. కాని ఆలోచించండి: దుమ్ము పొర కప్పేసిన తరువాత నీటికి తగిలేది దుమ్మే కదా, మిథైల్ ఎక్కడుంది? పాలిథీన్‌కూ ధ్రువత్వం లేదు, మరి దానితో ఎందుకు చేయరు?

జవాబు మనం పైన చూసిన గొలుసు కదలికలో ఉంది. రబ్బరులో వలకు అంటుకోని చిన్న సిలికోన్ అణువులు కొన్ని స్వేచ్ఛగా ఉంటాయి. అవి మెల్లగా పైకి ఊరి వచ్చి దుమ్ము రేణువులను కూడా చుట్టేసి, ఆ దుమ్ముకే నీరంటని గుణం ఇస్తాయి. చిన్న చిన్న విద్యుత్ స్రావాల వల్ల ఉపరితలం పాడైనా కొన్ని గంటల్లో, కొన్ని రోజుల్లో అది మళ్లీ కోలుకుంటుంది. పింగాణీ అలా చేయలేదు. పాలిథీన్ కూడా చేయలేదు. ఇది జరగాలంటే గొలుసులు గాజుగానూ స్ఫటికంగానూ కాక ద్రవంలా కదులుతూ ఉండాలి. అభన్‌పూర్‌లో ఏడాది పొడవునా అవి అలాగే ఉంటాయి. అంటే అక్కడి ఇన్సులేటర్ పనితనం మిథైల్ వల్ల ఎంతో, మైనస్ 125 అన్న అంకె వల్ల కూడా అంతే.

అదే సిలికోన్‌ను పదకొండు కిలోమీటర్ల ఎత్తున ఎగిరే విమానం తలుపు అంచుకు సీలుగా పెట్టండి. బయట మైనస్ 56. మన ప్రమాద మండలంలోకి వచ్చేశాం. అక్కడ ఇంజనీర్లు చేసే ఉపాయం చిన్నది, అందమైనది. గొలుసులో నూటికి కొన్ని లంకెల దగ్గర మిథైల్ తీసి ఫీనైల్ పెడతారు. ఒకే కొలత ఇటుకల వరసలో అక్కడక్కడ పెద్ద ఇటుక దూరిస్తే గోడ కుదురుగా లేవదు. స్ఫటికం కట్టడం ఆగిపోతుంది, రబ్బరు ఇంకా ఎంతో చలిలో కూడా మెత్తగా ఉంటుంది. సీలు సమయానికి స్పందించకపోతే ఏమవుతుందో 1986 జనవరి 28న ఛాలెంజర్ వ్యోమనౌక చూపించింది. ఆ సీలు సిలికోన్ కాదు, ఫ్లోరిన్ ఉన్న వేరే రబ్బరు. అక్కడ జరిగింది స్ఫటికీకరణ కాదు, చలికి స్పందన మందగించడం. ఈ రెండింటినీ కలిపేసి సిలికోన్ ఓ-రింగు అని రాసేవారున్నారు, నమ్మకండి. కాని రబ్బరును ఎంచేటప్పుడు చూడవలసింది గుణాల పట్టిక కాదు, ఉష్ణోగ్రత హద్దులని ఆ ఏడుగురి మరణం లోకానికి చెప్పింది.

పాఠం దాచిన లోపం ఇంకొకటి ఉంది, ఇదీ స్ఫటికం గురించే. సహజ రబ్బరును గట్టిగా లాగితే లాగినచోట స్ఫటికాలు కట్టి తెగకుండా కాపాడతాయని చెప్పుకున్నాం. సిలికోన్‌కు గది వేడిలో ఆ కవచం లేదు. అందుకే ఏమీ కలపని సిలికోన్ రబ్బరు గోటితో చింపేంత బలహీనం. అతి సన్నని సిలికా పొడిని కలిపి దాన్ని బలపరుస్తారు. బలం ఇరవై రెట్లకు పైగా పెరుగుతుంది. ఎప్పుడూ ద్రవంలా కదిలే స్వేచ్ఛకు చెల్లించే ధర అది. మీ కేకు అచ్చులోనూ, కొన్ని కుక్కర్ల గాస్కెట్‌లోనూ ఉన్నది ఉత్త సిలికోన్ కాదు, ఇసుక చుట్టం తోడున్న సిలికోన్.

ఇంతకీ విమర్శించడానికి ఆ పాఠమైనా మిగలలేదు. 2022లో చదువు భారం తగ్గించాలని ఎన్‌సీఈఆర్‌టీ చేసిన కోతలో పదకొండో తరగతి నుంచి ‘పదార్థ స్థితులు’, పి-బ్లాకు మూలకాలు, పన్నెండో తరగతి నుంచి ‘ఘనస్థితి’, ‘పాలిమర్లు’ పోయాయి. ఇంకా కొన్ని పోయాయి, నేను మనకు పనికొచ్చే నాలుగే చెప్పాను. భారం నిజమే. కరోనా రెండేళ్లు పిల్లల చదువును ఎంత దెబ్బతీశాయో ఉపాధ్యాయులకు తెలుసు. ఏదో ఒకటి తగ్గించక తప్పదంటే ఒప్పుకుంటాను. తీసేసిన పేజీల్లో కంఠస్థం చేయవలసిన చెత్త కూడా తక్కువ లేదు. కాని ఆ నాలుగు పాఠాలూ కలిసే చోటు ఒకటుంది, అక్కడ సిలికోన్ నిలబడి ఉంది. స్థితి అంటే ఏమిటి, స్ఫటికం అంటే ఏమిటి, గొలుసు అంటే ఏమిటి, సిలికాన్ కార్బన్‌లా ఎందుకు ప్రవర్తించదు: నాలుగు ప్రశ్నలు ఒకే వస్తువు మీద అడగవచ్చు. నాలుగు అధ్యాయాలు తీసి ఆ ఒక్క వస్తువును నాలుగు పేజీల్లో పెట్టి ఉంటే భారం తగ్గేది, చదువు మిగిలేది. కోత కోసినవారు ఒక్కో అధ్యాయాన్ని విడిగా తూచి చూశారు. మొదట పుస్తకం రాసినవారూ అలా విడివిడిగానే రాశారు. నా దృష్టిలో రెండు తప్పులూ ఒకటే.

పరీక్షల్లో వచ్చే పాత ప్రశ్న మీకు తెలుసు: సిలికోన్‌ల ఉపయోగాలు నాలుగు రాయండి. దాని బదులు నేనైతే ఇలా అడుగుతాను. మూడు రబ్బరు ముక్కలున్నాయి. ఒకటి సహజ రబ్బరు, రెండోది మామూలు సిలికోన్, మూడోది కొన్ని ఫీనైళ్లున్న సిలికోన్. ఒకటి అభన్‌పూర్ స్టేషన్‌లో ఎండలో ఇరవై ఏళ్లు వేలాడాలి. ఒకటి మైనస్ 56లో సీలు కావాలి. ఒకటి గది వేడిలో గట్టిగా లాగితే తెగకూడదు. ఏది ఎక్కడ పెడతారు, ఎందుకు? జవాబుకు మీకు కావలసిన అంకెలన్నీ పైనే ఉన్నాయి. పుస్తకం మూసి రాయనక్కర్లేదు.